ఏ నీళ్లకు ఏ సీసా



ఒంటారియోలోని మిల్టన్‌లో టౌన్‌హౌస్‌లో కొన్నేళ్లుండి, కాస్త నేల ఉంటే బెండో గోంగూరో వేసుకోవచ్చని క్యాంప్‌బెల్‌విల్ వైపో మాఫట్ వైపో ఇల్లు కొనుక్కునే మనవాళ్లు అక్కడక్కడా తగులుతున్నారు. తాళాలు చేతికొచ్చాక గానీ వాళ్ల మనసుకెక్కని సంగతి ఒకటుంటుంది. ఆ ఇంటికి నీళ్ల బిల్లు రాదు. నీళ్లు పెరట్లో బావిలోంచి వస్తాయి. ఊళ్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లకు హాల్టన్ రీజియన్ పాలకసంస్థ జవాబుదారీ. అవి ఒంటారియో సరస్సు నీళ్లయినా, కెల్సో దగ్గరి బావుల నీళ్లయినా, పరీక్ష చేయించి లెక్క చూపాల్సింది వాళ్లే. సొంత బావికి మాత్రం ఇంటాయనే ఇంజనీరు, ఇంటావిడే ఇన్‌స్పెక్టరు.

సొంత బావి ఉన్నవాళ్లకు ఒంటారియో ప్రభుత్వం ఒక సౌకర్యం ఇచ్చింది. ప్రజారోగ్య విభాగం వాళ్లు చిన్న ప్లాస్టిక్ సీసా, ఒక ఫారం ఇస్తారు. నీళ్లు పట్టి, చల్లగా ఉంచి, 48 గంటల్లోపల అప్పగిస్తే బాక్టీరియా ఉందో లేదో ఉచితంగా చూసి చెబుతారు. సీసా ఇంటికొచ్చాక చాలామంది చేసే మొదటి పని దాన్ని కడగడం. మనకు అలవాటు మరి, బజారునుంచి ఏ గిన్నె తెచ్చినా తొలిచి గానీ వాడం. అడుగున తెల్లటి పొడి కనిపిస్తే మురికేమోనని ఇంకో రెండుసార్లు తొలుస్తారు. అక్కడితో ఆ సీసా పనికి రాకుండా పోయింది.

ఆ పొడి సోడియం థయోసల్ఫేట్. క్లోరిన్‌ను విరిచేయడం దాని పని. బావిలో ఈమధ్యే బ్లీచింగ్ వేసి ఉంటే నీళ్లలో ఇంకా కొంత క్లోరిన్ మిగిలి ఉండొచ్చు. అది సీసాలో కూడా, మీ ఇంటినుంచి ల్యాబుకు వెళ్లే దారి పొడుగునా, బాక్టీరియాను చంపుతూనే ఉంటుంది. రేపు ల్యాబువాళ్లు చూసేసరికి నీళ్లు శుభ్రం అని కాగితం వస్తుంది. చచ్చింది సీసాలోని బాక్టీరియా. బావిలోది బావిలోనే ఉంది. ఆ పొడి ఆ చావును ఆపడానికి పెట్టింది. 200 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆపమనడం కూడా ఊరికే కాదు. పొడి ఆ కొలతకు సరిపడా వేసి ఉంటుంది, పైన కాస్త ఖాళీ ఉంటేనే ల్యాబులో సీసాను బాగా కుదిపి కలపడానికి వీలు. మూత లోపలివైపు వేలు తగలకూడదు, మూతను కౌంటరు మీద బోర్లించకూడదు, కుళాయి చివర జాలీ ఉంటే విప్పేయాలి. ఇవన్నీ ఫారం వెనకే ఉంటాయి. ఫారం వెనక్కి తిప్పేవాళ్లు తక్కువ.

నేను ఈ చుట్టుపక్కల నీళ్లు, మట్టి పరీక్ష చేసే ఒక ల్యాబులో సీసాల గదిలో పనిచేస్తాను. నమూనాలను యంత్రంలో పెట్టేవాళ్లు వేరే ఉన్నారు. నాది అంతకుముందు పని. ఎవరు ఏ పరీక్ష అడిగారో చూసి, దానికి తగ్గ సీసాలు ఎంచి, పెట్టెలో సర్ది పంపడం. ఏం ఉద్యోగం అని ఎవరైనా అడిగితే ఖాళీ సీసాలు పంపిస్తుంటానంటాను. నవ్వుతారు. కానీ లక్షల డాలర్ల యంత్రానికి తెలిసేది సీసాలో ఉన్న నీటి సంగతే. బావిలోని నీళ్లూ సీసాలోని నీళ్లూ ఒకటేనా అన్నది యంత్రం చెప్పలేదు. అది సీసాను ఎంచినప్పుడే తేలిపోతుంది. అందుకే ఈ పూట సీసాల గురించి నాలుగు మాటలు.

మన పాతకాలపు వంటింట్లో దీని మూలసూత్రం అందరికీ తెలుసు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచేవాళ్లు కాదు. పులుపు ఇత్తడిని తింటుంది, కిలుము పులుసులోకి దిగుతుంది. అదే గిన్నెలో మంచినీళ్లు కాచుకుంటే పెద్దగా ఏమీ కాదు. ఏ పాత్రకైనా మంచి చెడ్డలు దానిలో పోసేదాన్నిబట్టే. ల్యాబులో ఇంకొక మెలిక కూడా ఉంది. పోసేది ఏమిటన్నది ఒక్కటే చాలదు, దానిలో మనం వెతుకుతున్నది ఏమిటో కూడా చూడాలి. ఒకే బావి నీళ్లకు ఒక్కోసారి ఏడెనిమిది రకాల సీసాలు పంపేది అందుకే. పెట్టె తెరిచినవాళ్లు ఇన్నెందుకు, ఒక పెద్ద డబ్బాడు పట్టిస్తే సరిపోదా అంటారు.

సరిపోదు. ఎందుకో చెప్పడానికి మన ఒంటారియోలోనే మంచి ఉదాహరణ ఉంది. మనకు ఉత్తరాన, బేరీ దాటాక ఎల్మ్‌వేల్ అని ఒక చిన్న ఊరు. ఆ చుట్టుపక్కల భూమిలోంచి నీళ్లు వాటంతటవే పైకి ఉబికి వస్తాయి. విలియం షోటిక్ అనే శాస్త్రవేత్త, అప్పట్లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఉండేవాడు, అక్కడి భూగర్భజలంలో యాంటిమనీ అనే మూలకం ఎంత ఉందో కొలిచాడు. లీటరుకు 2 నానోగ్రాముల చిల్లర. నానోగ్రాము అంటే గ్రాములో నూరు కోట్ల వంతు. తర్వాత కెనడాలో అమ్మే సీసా నీళ్లు కొని వాటిలోనూ కొలిచాడు. పెట్ అనే ప్లాస్టిక్ సీసాల్లో అమ్మే 12 రకాల నీళ్లలో సగటున 156 నానోగ్రాములు వచ్చింది. పాలీప్రొపిలిన్ అనే వేరే ప్లాస్టిక్‌లో అమ్మే ఒక రకం నీళ్లలో 8 మాత్రమే. పెట్ ప్లాస్టిక్ తయారీలో యాంటిమనీ సమ్మేళనాన్ని వాడతారు, అందులో కొంత ప్లాస్టిక్‌లోనే మిగిలిపోతుంది. అనుమానం తీరడానికి ఆయన బృందం శుభ్రమైన భూగర్భజలాన్నే పెట్ సీసాల్లో పోసి చూసింది. యాంటిమనీ నీళ్లలోకి దిగింది. ఈ ఫలితాలు 2006లో వెలువడ్డాయి.

ఇంట్లో ఉన్న నీళ్ల కేసు పారబోయకండి. కెనడాలో తాగునీటికి యాంటిమనీ పరిమితి లీటరుకు 6 మైక్రోగ్రాములు, అంటే 6,000 నానోగ్రాములు. 156 దానికి ఎంత దూరమో మీరే లెక్క వేసుకోండి. తాగేవాడికి అది సమస్య కాదు, కొలిచేవాడికి కొంప మునిగినట్టే. నేలలో ఉన్నదానికి డెబ్భై రెట్లు సీసా ఇస్తుంటే, ఆ సీసాతో నేల సంగతి ఎలా చెబుతాం?

గాజు సీసాలు వాడితే గొడవ వదిలిపోయేది కదా అని మీలో కొందరికి ఈపాటికి తోచే ఉంటుంది. ఆ షోటిక్ గారే మరుసటి ఏడాది సీసం మీద ఇలాంటి పనే చేశాడు. ఈసారి దొంగ గాజు. గాజు సీసాల్లోంచి నీళ్లలోకి సీసం దిగుతోందని తేలింది. ప్లాస్టిక్‌లో యాంటిమనీ, గాజులో సీసం. మన వాళ్లలో గాజంటే మడి, ప్లాస్టిక్ అంటే మైల అనే భావం బలంగా ఉంది. ఇంటి వాడకంలో దానికి కారణాలుంటే ఉండొచ్చు. ల్యాబులో మాత్రం ఆ మడి పనికిరాదు.

సీసం పరీక్షకు మేము పంపేది ప్లాస్టిక్ సీసానే, సాధారణంగా హెచ్‌డీపీఈ అనే రకం గానీ పాలీప్రొపిలిన్ గానీ. నోరు వెడల్పుగా ఉంటుంది. సన్నమూతి సీసా అయితే నీళ్లు బయట చిందకుండా మనం కుళాయిని సన్నగా తిప్పుతాం. సన్నధారకూ, రోజూ వాడేటంత ధారకూ గొట్టంలోంచి కొట్టుకొచ్చే సీసంలో తేడా ఉంటుంది. సీసా మూతి చిన్నదైతే ఫలితం కూడా చిన్నదవుతుంది. ఇంకొక సంగతి, లోహాలు సీసా గోడకు అంటుకుంటాయి. పట్టినప్పుడు నీళ్లలో ఉన్నది వారానికి గోడమీదికి చేరుతుంది. అలా కాకుండా నైట్రిక్ ఆమ్లం కలిపి పీహెచ్ 2 కంటే తగ్గిస్తారు, అప్పుడు లోహం నీళ్లలోనే నిలుస్తుంది. ఆ ఆమ్లం చుక్కలు కొన్ని సీసాల్లో ముందే వేసి పంపుతాం. అందుకే మళ్లీ చెబుతున్నాను, కడక్కండి. ఈసారి కడిగితే పరీక్ష పోవడంతో ఆగదు, చెయ్యి కాలుతుంది. పాత మిల్టన్‌లో, 1950లకు ముందు కట్టిన ఇళ్లలో ఉన్నవాళ్లు ఈ పరీక్ష గురించి ఒకసారి ఆలోచించడం మంచిది. కెనడా ఆరోగ్య శాఖ 2019లో సీసం పరిమితిని లీటరుకు 10 మైక్రోగ్రాములనుంచి 5కు తగ్గించింది.

సీసం గురించి ఇంకొక్క మాట. భూమి వయసు 455 కోట్ల ఏళ్లని 1956లో లెక్క తేల్చిన క్లేర్ పాటర్సన్‌కు ఆ లెక్కకోసం రాళ్లలోని అతి కొద్ది సీసాన్ని కొలవాల్సి వచ్చింది. ఎన్నిసార్లు కొలిచినా ఉండాల్సినదానికంటే ఎక్కువే వచ్చేది. గాజు పాత్రల్లో, రసాయనాల్లో, నీళ్లలో, గదిలోని గాలిలో, ఎక్కడ చూస్తే అక్కడ సీసం. పాత్రలన్నిటినీ ఆమ్లంతో కడిగి, గదినే కొత్తగా శుభ్రం చేసుకున్నాక గానీ అంకె కుదురుకోలేదు. గాలిలోకి ఇంత సీసం ఎక్కడిదని వెతుక్కుంటూ వెళ్లినాయన చివరికి పెట్రోలులో కలిపే సీసం మీద పోరాటానికి దిగాడు. పాత్ర శుభ్రంగా లేదన్న చికాకుతో మొదలైన పని అది.

గాజులోనూ జాతులున్నాయి. ల్యాబులో బీకరు, ఫ్లాస్కు చేసేది బోరోసిలికేట్ గాజుతో. జర్మనీలోని యేనా పట్నంలో ఒటో షాట్ 1880ల్లో దీనిమీద పనిచేశాడు. అమెరికాలో కార్నింగ్ కంపెనీ 1915లో పైరెక్స్ పేరుతో అమ్మకానికి పెట్టింది. దానిలో సుమారు 80 శాతం సిలికా, 13 శాతం దాకా బోరాన్ ఆక్సైడు. వేడికి మామూలు గాజు వ్యాకోచించేదాంట్లో మూడోవంతే వ్యాకోచిస్తుంది, అందుకే మంటమీద పెట్టినా పగలదు. ఇంత గొప్ప గాజూ నీళ్లలో బోరాన్ కొలవాలంటే పనికిరాదు, సిలికా కొలవాలన్నా పనికిరాదు. తనదే తాను కలుపుతుంది. వాటికి ప్లాస్టిక్ సీసా.

మీలో డిగ్రీలో కెమిస్ట్రీ చదివినవాళ్లకు సోడియం హైడ్రాక్సైడు సీసా బిరడా బిగుసుకుపోవడం గుర్తుండే ఉంటుంది. ల్యాబ్ అటెండరు దాన్ని గుడ్డపెట్టి తిప్పుతాడు, టేబులు అంచుకు తడతాడు, చివరికి మెడ విరుగుతుంది. తప్పు అటెండరుది కాదు. క్షారం గాజును మెల్లగా తింటుంది, బిరడాకూ మెడకూ మధ్య అతుకు పడిపోతుంది. క్షారాన్ని గాజు బిరడా ఉన్న సీసాలో పోసినవాడిదే తప్పు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం సంగతి మరీ ఘోరం. గాజునే కరిగించేస్తుంది, దాన్ని ప్లాస్టిక్‌లో తప్ప ఉంచకూడదు.

ఫ్లోరిన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి మన ఊళ్ల మాట చెప్పకుండా ఉండలేను. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోయే జబ్బు మనదేశంలో ఉందని శాస్త్ర పత్రికల్లో మొదట రాసింది నెల్లూరు జిల్లా గురించి, 1937లో. తర్వాత నల్లగొండ పేరు ప్రపంచమంతా తెలిసింది, జబ్బు వల్లా, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతి వల్లా. ఇప్పటికీ మనలో చాలామందికి అక్కడ అమ్మానాన్నల ఇంటి వెనక బోరుంది. పండక్కి వెళ్లినప్పుడు ఆ నీళ్లు పరీక్ష చేయించాలనుకుంటే ఫ్లోరైడుకు ప్లాస్టిక్ సీసానే వాడండి, గాజు వద్దు. మనదేశపు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో పట్టుకెళ్తే ఏమిటని అడిగేవాళ్లుంటారు. ఫ్లోరైడు లెక్క వరకూ పెద్ద నష్టం లేకపోవచ్చు. కానీ ల్యాబుకు వెళ్లాక పనిలో పనిగా ఫాస్ఫేటు, బాక్టీరియా కూడా చూసెయ్యండి బాబూ అంటారే, అప్పుడు చిక్కు. కోలా డ్రింకుల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, బాక్టీరియాకు క్రిములు లేకుండా చేసిన సీసా కావాలి.

ఫాస్ఫేటు అన్నాక తెలుగువాడిగా ఒకాయన పేరు తలుచుకోకుండా ముందుకు వెళ్లడం తప్పు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రచురించాడు. నమూనాకు ఆమ్లం, మాలిబ్డేటు, ఇంకొక రసాయనం కలిపితే ఫాస్ఫేటు ఉన్నంత మేర నీలిరంగు తేలుతుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేటు అంత ఎక్కువ. ఆ కొలత చేతిలో ఉండబట్టే వాళ్లు కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలను పట్టుకోగలిగారు. ఫిస్కే, సుబ్బారావు పద్ధతి అని విద్యార్థులు ఇప్పటికీ చదువుకుంటారు. ఇక దానికి వాడే గాజు సామాను సంగతి. ఫాస్ఫేటు ఉన్న సబ్బుపొడితో బీకరు తోమి, నీళ్లు జల్లి ఆరబెడితే, గోడకు మిగిలిన ఆ కాస్త ఫాస్ఫేటే నీలం చూపిస్తుంది. నమూనాలో ఏమీ లేకపోయినా నీలమే. అందుకని ఫాస్ఫేటు పరీక్ష సామాను విడిగా పెట్టుకుంటాం, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, శుద్ధజలంతో చాలాసార్లు తొలుస్తాం. మిలమిల మెరిసే బీకరు చూసి మా గదిలో ఎవరం ముచ్చటపడం, దేనితో తోమారని అడుగుతాం.

ఇదంతా నీళ్లవాళ్ల గొడవ, మనకెందుకులే అనుకునేవాళ్లు ఈసారి రక్తపరీక్షకు వెళ్లినప్పుడు సూది వైపు చూడకుండా పక్కన పెట్టిన గొట్టాల వైపు చూడండి. మూతలు రంగురంగుల్లో ఉంటాయి. ఒక్క చేతిలోంచి వచ్చే ఒక్క రక్తానికి ఇన్ని గొట్టాలెందుకు? ఊదామూత గొట్టంలో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది, పొటాషియం లవణం రూపంలో. రక్తకణాలు లెక్కపెట్టడానికి అది చక్కటి గొట్టం. అదే రక్తంలో పొటాషియం చూస్తే లేనిపోని అంకె వస్తుంది, కాల్షియం చూస్తే దాన్ని ఈడీటీఏ పట్టేసుకుని ఉంటుంది. లేతనీలం మూతలో సిట్రేటు ద్రవం ఉంటుంది, తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు. గొట్టం సగమే నిండితే ఆ లెక్క చెడి రక్తం గడ్డకట్టే పరీక్ష తప్పుతుంది, అందుకే వాళ్లు గీతదాకా నింపాలని పట్టుపడతారు. బూడిదరంగు మూత చక్కెరకు. గొట్టంలో పోసినా రక్తకణాలు బతికే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం చొప్పున చక్కెర తినేస్తుంటాయి. ఆలస్యమైతే షుగరు తక్కువగా కనబడుతుంది, మనవాళ్లు సంతోషపడి మైసూర్‌పాక్ తింటారు. ఆ తిండిని ఆపడానికి గొట్టంలో వేసేది సోడియం ఫ్లోరైడు. నల్లగొండలో మనుషుల నడుములు వంచిన ఫ్లోరైడే ఇక్కడ చక్కెర లెక్కను కాపాడుతుంది.

ఇక ఆవిరైపోయే వాటి సంగతి. పెట్రోలు, రంగులు కలిపే ద్రావకాలు, బెంజీన్ లాంటివి బావిలోకి చేరాయేమోనని అనుమానం ఉంటే, 40 మిల్లీలీటర్ల చిన్న గాజు వయల్ పంపుతాం. ప్లాస్టిక్ గోడల్లోంచి ఇవి మెల్లగా దాటిపోతాయి, గాజులోంచి పోవు. మూత లోపల టెఫ్లాన్ పూసిన రబ్బరు బిళ్ల ఉంటుంది. బాక్టీరియా సీసాలో పైన ఖాళీ వదలమన్నాను, ఇందులో పూర్తిగా తద్విరుద్ధం. నీళ్లు అంచుమీద ఉబ్బి నిలిచేదాకా పట్టి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టి చూడాలి. బుడగ పైకి వచ్చిందా, పరీక్షించాల్సిన పదార్థం కొంత ఆ బుడగలోకి వెళ్లిపోయినట్టే. మళ్లీ పట్టాలి.

ఈ వయల్స్‌తో పాటు మీరు నింపాల్సిన అవసరం లేని ఒక వయల్ కూడా పెట్టెలో ఉంటుంది. దానిలో ల్యాబులోనే శుద్ధజలం నింపి ఉంటుంది. మీ ఇంటికి వస్తుంది, మూత తీయకుండా మళ్లీ మాదగ్గరికే వస్తుంది. ఇది పొరపాటున వచ్చిందేమోనని మొక్కకు పోసేవాళ్లున్నారు. దాని పని ప్రయాణం చేసి రావడమే. మీరు పెట్టెను కారు డిక్కీలో గడ్డికోసే యంత్రం పెట్రోలు డబ్బా పక్కన పెట్టారనుకోండి, ఆ ఆవిరి రబ్బరు బిళ్లను కూడా దాటి లోపలికి చొరబడొచ్చు. అప్పుడు ఈ తెరవని వయల్‌లోనూ పెట్రోలు జాడ దొరుకుతుంది. బావి మీద పడాల్సిన నింద డిక్కీమీద పడుతుంది. జనవరిలో అయితే ఇంకో ప్రమాదం. అంచుదాకా నింపిన గాజు వయల్‌ను రాత్రంతా కారులో వదిలితే తెల్లారేసరికి గడ్డకట్టి పగిలి ఉంటుంది.

టెఫ్లాన్ పేరు వచ్చింది కదా, దాని పుట్టుక కూడా ఒక పాత్రలోనే జరిగింది. 1938 ఏప్రిల్‌లో డూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనే యువ రసాయనవేత్త ఒక వాయువు నింపిన సిలిండరు కవాటం తెరిచాడు. ఏమీ రాలేదు. వాయువు కారిపోయిందనుకుందామంటే సిలిండరు బరువు తగ్గలేదు. ఇంకొకరైతే పక్కన పడేసి వేరే సిలిండరు తెచ్చుకునేవారు. ఈయన దాన్ని కోయించి చూశాడు. లోపల గోడకు తెల్లటి పొడి. వాయువు తనంతట తాను గొలుసులుగా అల్లుకుని ఘనపదార్థమైపోయింది. ఆమ్లం, క్షారం, ద్రావకం ఏదీ దాన్ని తాకదు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ల్యాబుల్లో టెఫ్లాన్‌కు మించిన పాత్ర లేదన్న పేరు నిలిచింది. మూతల్లో బిళ్ల అదే, ఖరీదైన సీసా అదే.

ఇప్పుడు దానికి గడ్డుకాలం వచ్చింది. పీఎఫ్‌ఏఎస్ అని మీరు వార్తల్లో వినే ఉంటారు, నశించని రసాయనాలంటున్నారే, అవి. అంటుకోని పెనాలు, నీళ్లంటని బట్టలు, మంటలార్పే నురుగు, వీటన్నిటిలో వాడిన ఫ్లోరిన్ సమ్మేళనాలు. 2024 ఆగస్టులో కెనడా ఆరోగ్య శాఖ తాగునీటిలో ఎంచిన 25 రకాల మొత్తం లీటరుకు 30 నానోగ్రాములు దాటకుండా చూడాలని లక్ష్యం పెట్టింది. ఆ తరగతి పదార్థాలను అంత సూక్ష్మంగా కొలిచేటప్పుడు టెఫ్లాన్ కూడా అనుమానితుడే. అందుకని ఈ నమూనాకు టెఫ్లాన్ బిళ్ల లేని మూతతో పాలీప్రొపిలిన్ సీసా పంపుతాం. గాజు వద్దంటాం, ఎందుకంటే వీటిలో కొన్ని గాజు గోడకు అతుక్కుంటాయి. నీళ్లు పట్టేవాళ్లను వానకోటు కూడా వేసుకోవద్దంటాం. నిన్నటి పరీక్షలో రారాజు ఇవాళ్టి పరీక్షలో గుమ్మం బయట. నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికంటే నచ్చేది ఇదే. ఈ సీసా మంచిదేనా అని ఎవరైనా అడిగితే దేనికి అని ఎదురు ప్రశ్న వేయకుండా జవాబు చెప్పలేను.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. పురుగుమందులు, మరికొన్ని సేంద్రియ పదార్థాలు వెలుతురుకు విరిగిపోతాయి, వాటికి గోధుమరంగు గాజు. అప్పుడే పుట్టిన పిల్లల పసిరికల పరీక్షకు తీసిన రక్తాన్ని రేకు చుట్టి పంపేదీ ఇందుకే, వెలుతురు తగిలితే బిలిరుబిన్ తగ్గిపోతుంది. ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో 121 డిగ్రీల వేడికి పాలీప్రొపిలిన్ తట్టుకుంటుంది, హెచ్‌డీపీఈ వంకర తిరుగుతుంది. గోళ్లరంగు తుడిచే అసిటోన్ పోస్తే పాలీస్టైరిన్ పాత్ర కరిగి ముద్దవుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడు లోపల వాయువు పుట్టిస్తూనే ఉంటుంది, దానికి గాలి వదిలే మూత కావాలి, బిగుతు మూత పెడితే సీసా ఉబ్బుతుంది. పనైపోయాక పారేసే రసాయనాల డబ్బాల్లో అసలు ప్రమాదాలుంటాయి. నైట్రిక్ ఆమ్లం, ఆల్కహాలు ఒకే డబ్బాలో పడితే పేలుతుంది. బీకరు మీది గీతలు చూసి కొలత అనుకోకండి, అవి ఐదు శాతం అటూ ఇటూ ఉండే అంచనాలు.

అన్నీ సరిగ్గా కుదిరినా చెడగొట్టగలిగేది ఒకటి మిగిలింది, సీసా మీద అంటించే చీటీ. మనకు వాయవ్యంగా వాకర్టన్ అనే ఊరుంది, జనాభా అప్పట్లో అయిదువేల లోపు. 2000 సంవత్సరం మే నెలలో పెద్ద వానలకు పశువుల ఎరువులోని ఇ. కోలై బాక్టీరియా ఊరి బావిలోకి చేరింది. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. జస్టిస్ డెన్నిస్ ఒకానర్ విచారణ జరిపి 2002లో నివేదిక ఇచ్చాడు. అందులో బయటపడిన సంగతుల్లో ఒకటి, నీటి సంస్థ ఉద్యోగులు ఏళ్ల తరబడి ఒకచోట పట్టిన నీళ్లకు ఇంకొకచోటి పేరు రాసి పంపడం. సీసా సరైనదే, క్రిములు లేనిదే, ల్యాబూ సరిగ్గానే చూసింది. చీటీ మీద చోటు పేరు మాత్రం వేరు. ఆ ప్రమాదం తర్వాత ఒంటారియోలో 2002లో సురక్షిత తాగునీటి చట్టం వచ్చింది, తాగునీటి ల్యాబులకు లైసెన్సు తప్పనిసరైంది, చెడు ఫలితం వస్తే వెంటనే ఆరోగ్యాధికారికి తెలపడం ల్యాబు విధి అయింది. ఈ చట్టం ఊరి నీళ్లకు. మీ పెరటి బావి చీటీ మీరే రాయాలి. ఏ కుళాయి, ఫిల్టరుకు ముందా తర్వాతా, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఇవి పెన్సిలుతోనో తడికి చెరగని ఇంకుతోనో, నీళ్లు పట్టకముందే, సీసా పొడిగా ఉన్నప్పుడే రాసుకోండి.

ఉచిత పరీక్షలో చూసేది బాక్టీరియా ఒక్కటే. నైట్రేటు, సీసం, పెట్రోలు లాంటివి కావాలంటే లైసెన్సున్న ప్రైవేటు ల్యాబుకు ఫోను చేయాలి. ఫోనులో సీసాలు కావాలని అడగకండి, మీ అనుమానం ఏమిటో చెప్పండి. పక్కన పొలం ఉందా, పాత పెట్రోలు ట్యాంకు ఉందా, నీళ్లు ఎర్రగా వస్తున్నాయా అన్నది చెబితే ఏ సీసాలు పంపాలో అవతలివాళ్లు చూసుకుంటారు. మంచు కరిగే ఏప్రిల్‌లో ఒకసారి తప్పక చేయించండి. బాక్టీరియాకు 48 గంటల గడువుంది కాబట్టి శుక్రవారం సాయంత్రం తీరిక దొరికింది కదా అని నీళ్లు పట్టకండి. సోమవారమో మంగళవారమో పొద్దున్నే పట్టి, ఐసు సంచీలో పెట్టుకుని, అదే రోజు ఇచ్చేయండి.